ఆటో ఎక్కిన సారె గంప

కూర్మమ్మకు ఆడపడుచు లేదు. ఆడపడుచులున్న వాళ్లంతా ఆమె అదృష్టాన్ని చూసి కుళ్లుకునేవాళ్లు గానీ, ఆమెకు మాత్రం అది పెద్ద లోటు. భావనపాడు అవతల సముద్రపు ఒడ్డున వాళ్ల పల్లెలో, ఏ ఇంట్లో పెళ్లయినా ఆడపడుచులు దిగి, అలిగి, బతిమాలించుకుని, చివరకు సారె గంప ఎత్తించుకుని వెళ్తుంటారు. తన ఇంట్లో ఆ సందడే లేదు. మొగుడు గంగరాజు వాళ్లమ్మకు ఒక్కగానొక్క బిడ్డ. "మా ఇంట్ల అలగడానికి ఒక్కర్తీ నేదు" అని కూర్మమ్మ కోటబొమ్మాళి సంతలో ఎండుచేపల బుట్ట ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్లతో చెప్పుకునేది. ఆమెది ఎంత పెద్ద గొంతంటే, సంత ఆ చివర బెల్లం అమ్మేవాడికి కూడా ఈ బాధ కంఠతా వచ్చు.

అలాంటి కూర్మమ్మకు పన్నెండేళ్ల కిందట ఒక ఆడపడుచు దొరికింది. పేరు తెలీదు, ఊరు తెలీదు, ముఖం చూడలేదు. దేశం మాత్రం తెలుసు, శ్రీలంక.

ఆ ఏడు గంగరాజు చెన్నై వెళ్లి కాసిమేడు రేవులో మరబోటు ఎక్కాడు. మన పల్లెల నుంచి అలా వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నడిసముద్రంలో ఇంజను చెడింది, గాలి తిరగబడింది, బోటు దక్షిణానికి కొట్టుకుపోయింది. పల్లెలో కబురు లేదు. వారాలు గడిచాయి. ఆఖరికి కులపెద్దలు వాకిట్లోకి వచ్చి, ఇక చేయాల్సిన కార్యం చేసేద్దామని, కూర్మమ్మ గాజులు తీయించాలని మాట కదిపారు. ఆమె లోపలికెళ్లి చేపలు కోసే కత్తిపీట తెచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుక్కూర్చుంది. "నా గాజుల మీద సెయ్యేసినోడి సెయ్యి ముక్కలు కోసి సంతల అమ్మీస్తాను" అంది. కూర్మమ్మ అన్నదంటే చేస్తుందని ఊరందరికీ తెలుసు. పెద్దలు వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకు గంగరాజు బొమికలు లెక్కపెట్టేలా చిక్కిపోయి రైలు దిగాడు.

అతను చెప్పిన కథలో గాలివాన, దాహం, చావు అన్నీ ఉన్నాయి గానీ కూర్మమ్మ మనసుకు పట్టుకున్నది ఒక్క ముక్కే. ఒడ్డుకు చేరిన ఐదుగురినీ ఒక ఆడమనిషి తన పాకలోకి చేర్చింది. ఒక్కసారిగా తింటే పేగులు తట్టుకోలేవని ముందు గంజి కొంచెం కొంచెంగా తాగించింది. మర్నాడు చేపల కూరతో అన్నం పెట్టింది. గంగరాజు కాసిమేడులో నేర్చిన అరకొర తమిళంతో అక్కా అన్నాడు. ఆమె తంబీ అంది. అంతలో పోలీసులొచ్చి ఐదుగురినీ జీపెక్కించుకుపోయారు. పేరడిగే వీలు కూడా లేకపోయింది.

"నీకు అక్కైతే నాకు ఆడపడుచే కదా" అంది కూర్మమ్మ. "ఆయమ్మకి నా సేత్తో సారెడతాను. సీరెడతాను, గాజులేస్తాను. అప్పుడుగానీ నా మొక్కు తీరదు."

ఇలాంటి మాటలు అందరూ అంటారు, తర్వాత పనుల్లో పడి మర్చిపోతారు. కూర్మమ్మ మర్చిపోలేదు. పైగా మర్చిపోనివ్వని మనిషి ఇంట్లోనే ఉన్నాడు. ఆమె ఏ కూర వండినా గంగరాజు రెండు ముద్దలు తిని, "బాగున్నాది. గానీ ఆ అక్క ఎట్టిన కూర ఉన్నాదీ..." అని ఆపేసేవాడు. పన్నెండేళ్లుగా ఆ కూరతో కాపురం చేసింది కూర్మమ్మ. ఆ ఆడపడుచు మీద ఎంత ప్రేమ ఉందో ఆ కూర మీద అంత మంట ఉంది.

ఇంకో పాత తగువు కూడా ఉంది ఆ ఇంట్లో, అదీ చెప్పాలి. వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు మహేంద్రగిరి కొండ జరుగుతూ జరుగుతూ వచ్చి తమ పల్లె రామమందిరం నెత్తిన కూర్చుంటుందని, సరిగ్గా అలా కూర్చున్నప్పుడు పడవ తిప్పితే ఇంటి ముందుకొస్తామని గంగరాజు అనేవాడు. "కొండెక్కడ, గుడెక్కడ! మజ్జిన ఎన్ని ఊళ్లున్నాయి! తాగొచ్చి సెప్తన్నావేటి?" అని కూర్మమ్మ కొట్టిపారేసేది. ఆమె తప్పేం లేదు. ఒడ్డున పుట్టి, ఒడ్డున పెరిగి, యాభై దాటిన మనిషే గానీ ఏనాడూ పడవలో కాలు పెట్టలేదు. వాళ్లలో ఆడవాళ్లు పడవెక్కరు. ఒడ్డు చేరేదాకా చేప మగవాడిది, ఒడ్డు చేరాక ఆడదానిది. అదీ కట్టుబాటు.

ఇలా ఉండగా ఈ ఏడు కోడలు అనూరాధ పుణ్యమా అని కథ కదిలింది. అనూరాధ గజపతినగరంలో చేపల కొట్టు పెట్టుకున్న వాళ్ల పిల్ల. డిగ్రీ చదివింది, చేతిలో ఫోను దించదు. కొడుకు యుగంధర్ కోటబొమ్మాళి స్టేషను దగ్గర ఆటో తోలతాడు. ఒక సాయంత్రం అనూరాధ ఫోను పట్టుకుని పరుగున వచ్చింది.

"అత్తా, ఇది సూడు! శ్రీలంకల ఆటోలు అద్దెకిస్తారంట. తెల్లోళ్లు సూడు ఎలగ తోల్తన్నారో! మనమే తోలుకుని దేశమంతా తిరగొచ్చంట!"

కూర్మమ్మ ఫోనులోకి చూసింది. ఎర్ర ఆటోలో ఒక తెల్లమ్మాయి, పక్కన సముద్రం. "ఆ పిల్లకి క్లచ్చు వొదలడం కూడా రాదు" అన్నాడు యుగంధర్ వెనక నుంచి తొంగిచూసి. "అదే తోలగా నాను తోలనేటి?"

ఆ మాటతో ఇల్లు ఇల్లంతా ఊగిపోయింది. వేట నిషేధం రోజులు, గంగరాజు వల బాగుచేసుకుంటూ ఖాళీగానే ఉన్నాడు. పాస్‌పోర్టులకు ఫొటోలు దిగారు. ఫొటోలో నవ్వకూడదన్నందుకు కూర్మమ్మ ఫొటో అతనితో దెబ్బలాడింది. యుగంధర్ లైసెన్సుకు ఆ దేశం అనుమతి కాగితం తెప్పించారు. కూర్మమ్మ సారె సర్దింది. పచ్చంచు పసుపుచీర, జాకెట్టు గుడ్డ, పసుపు, కుంకుమ, అరిసెలు, సున్నుండలు, ఆకుపచ్చ మట్టిగాజులు. గాజులు ఏ కొలతవి కొనాలో తెలియక తన చేతి కొలతవే కొంది. అన్నీ వెదురు గంపలో పెట్టి గుడ్డ కట్టింది.

విశాఖపట్నం విమానాశ్రయంలో తనిఖీ చేసే అబ్బాయి గుడ్డ విప్పించాడు. "ఏంటమ్మా ఇదంతా?"

"సారె బాబూ. మా ఆడపడుచుకి."

"ఏ ఊరికి ఇచ్చారు?"

"ఊరు తెలిస్తే ఇన్ని పాట్లెందుకు బాబూ" అంది కూర్మమ్మ. ఆ అబ్బాయికి ఏమర్థమైందో గానీ, గుడ్డ మళ్లీ తనే జాగ్రత్తగా ముడేశాడు.

చెన్నైలో విమానం మారి శ్రీలంకలో దిగారు. నెగొంబోలో వాళ్ల కోసం ఎర్ర ఆటో సిద్ధంగా ఉంది. యుగంధర్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు, వంగి కింద చూశాడు, ఇంజను మీద చెయ్యేసి "మన బండే నాన్నా! అచ్చం మన బండే!" అని కేకేశాడు. కూర్మమ్మ సంచిలోంచి నిమ్మకాయ, మిరపకాయలు తీసి ముందు కట్టింది. అద్దెకిచ్చేవాడు నవ్వాడు. నువ్వు నవ్వితే నాకేటి అన్నట్టు చూసి, ఆమె గంప ఒళ్లో పెట్టుకుని మధ్యలో కూర్చుంది. ఒకవైపు మొగుడు, ఒకవైపు కోడలు, ముందు కొడుకు. ఆటో బయల్దేరింది.

ఆ ప్రయాణం కూర్మమ్మ జన్మలో ఎరగనిది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఏ బండి ఎక్కినా చేపల బుట్టతోనే ఎక్కింది, పక్కవాళ్లు ముక్కు మూసుకుంటుంటే. ఇప్పుడు చేతిలో బుట్ట లేదు, దిగాల్సిన సంత లేదు. రోడ్డు నున్నగా ఉంది, రెండువైపులా కొబ్బరితోటలు, మన కోనసీమను ఎవరో విప్పి పరిచినట్టు. పది నిమిషాలకోసారి "ఒరే ఆపురా!" అని అరిచేది. నారింజ రంగు కొబ్బరిబోండాలు చూసి ఆపించింది. మట్టికుండల్లో గేదెపెరుగు అమ్ముతుంటే ఆపించి, దాని మీద పోసిన తాటిపాకం లాంటి పాకాన్ని వేలితో నాకి, మళ్లీ పోయించుకుంది. దారిలో ఎండుచేపల కొట్టు కనిపిస్తే ఊరుకుంటుందా! దిగి ఒక్కో చేపా తట్టి, వాసన చూసి, "ఎండ సాల్నేదు" అని అమ్మేవాడికి తెలుగులో చెప్పేసి వచ్చింది. వాడు సింహళంలో ఏదో అన్నాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా బేరం మాత్రం రంజుగా జరిగింది.

"అత్తా, ఇలగైతే మనం ఊరెల్లేసరికి వేట మొదలైపోతాది" అంది అనూరాధ పొట్ట పట్టుకుని నవ్వుతూ.

హబరణ దాటాక అడవి మొదలైంది. మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా ఏనుగు. గొలుసు లేదు, మావటి లేదు. యుగంధర్ బ్రేకు నొక్కిన నొక్కుకు నలుగురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఏనుగు తాపీగా నడిచొచ్చి ఆటోలోకి తొండం పెట్టింది. ముందు గంగరాజు తల తడిమింది. అతను కళ్లు మూసుకున్నాడు. తర్వాత తొండం సున్నుండల వాసన పట్టి గంప మీదికి వచ్చింది.

"ఒలమ్మో! అది మా ఆడపడుచుది!" అని కూర్మమ్మ గంపను కడుపులో దాచుకుని వంగిపోయింది. "నీకు దణ్ణం ఎడతాను నాయనా, ఇది ముట్టుకోకు! అరటిపళ్లు తిను! ఒసే అనూరాదా, అరటిపళ్లియ్యే!"

అనూరాధ దారిలో కొన్న గెల ముక్క అందించింది. ఏనుగు దాన్ని తీసుకుని, ఇక మీతో పనేముంది అన్నట్టు అడవిలోకి వెళ్లిపోయింది. తర్వాత యుగంధర్ నవ్వడం మొదలుపెట్టాడు, అది అందరికీ అంటుకుంది, ఆటో ఊగిపోయేలా నవ్వారు. గంగరాజు మాత్రం జుట్టు తుడుచుకుంటూ, "నా బుర్ర ముట్టుకుంటే ఒక్క మాట అననేదు, గంప ముట్టుకుంటే అరిసీసినావు" అన్నాడు. "నీ బుర్ర ఎవులికి కావాల మావా" అంది కూర్మమ్మ.

బట్టికలోవా చేరి తూర్పు తీరం పట్టుకున్నాక అసలు వెతుకులాట మొదలైంది. గంగరాజుకు ఉన్న గుర్తు ఒక్కటే. మూడు మూపుల కొండ, దాని కింద అతుక్కుని తెల్లటి గుడి గోపురం, ఆ గోపురం ఎదురుగా అక్క పాక. "సూస్తే సెప్పీలేనేటి!" అన్నాడు ధీమాగా. దక్షిణంగా పోతూ ప్రతి గోపురం దగ్గరా ఆగారు. గుడి ఉన్నచోట కొండ లేదు. కొండ ఉన్నచోట గుడి లేదు. ఉన్నా, అది మైళ్ల అవతల పొలాల మీదుగా లీలగా కనిపించే కొండ. "ఇది కాదు" అనేవాడు గంగరాజు. "ఇదీ కాదు." జాలరి పేటల్లో దిగి అడిగాడు, పన్నెండేళ్ల కిందట ఐదుగురు తెలుగువాళ్లు కొట్టుకొచ్చారా అని. ఆ తీరంలో కొట్టుకొచ్చిన బోట్లకు లెక్కుంటే కదా! ఒకడు ఇటంటే ఒకడు అటన్నాడు.

పోయిన దారినే వెనక్కొచ్చారు. మళ్లీ వెళ్లారు. ఒక పేటలో తెల్ల గోపురం ఎదురుగానే టీ తాగారు, అల్లం టీ, చాలా బాగుంది. "ఇది కాదు" అన్నాడు గంగరాజు అక్కడా.

తిరుగు విమానానికి గడువు దగ్గరపడింది. ఆటో వెనక్కి తోలడానికే రెండు రోజులు కావాలి. పొత్తువిల్ దగ్గర ఇసుకలో ఆటో నీడన కూలబడి గంగరాజు మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. "నా కళ్లే నన్ను మోసం సేసినాయి కూర్మీ. ఆ రోజు తిండి నేక, నీళ్లు నేక, ఏటి సూసినానో ఏటో. కొండే నేదేమో. సారె ఎనక్కి అట్టుకెల్లిపోదాం."

సారె వెనక్కి తీసుకెళ్లడం! ఆ మాట కూర్మమ్మకు చెంపదెబ్బలా తగిలింది. ఏనుగు తొండం నుంచి కాపాడిన గంప అది. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుపొస్తే కోపమొచ్చింది, కోపమొస్తే ఆమె బుర్ర బాగా పనిచేస్తుంది.

"ఆగు మావా. కొండ గుడి నెత్తిన కూకున్నాదని కదా నువ్వన్నావు?"

"అవును."

"మనూర్ల మహేంద్రగిరి రామమందిరం నెత్తిన కూకుంటాదని అంటావు కదా? నానెప్పుడైనా సూసినానేటి? ఒడ్డు మీదోళ్లెవులైనా సూసినారేటి? అది సముద్రంల ఉన్నోడికే కనిపిస్తాది కదా! నువ్వు ఈ ఊరు సముద్రం మీంచి సూసినావు. పోలీసులు జీపు మూసీసి అట్టుకెల్లినారు, రోడ్డు మీంచి నువ్వేటి సూసినావు? రోడ్డు మీద ఎన్నాళ్లు తిరిగితే కొండ గుడెక్కుతాది?"

గంగరాజు తలెత్తి పెళ్లాం వంక చూశాడు. ముప్పై ఏళ్లు సముద్రం మీద తిరిగిన తనకు ఈ ముక్క తట్టకపోవడం ఏమిటో అతనికి అర్థం కాలేదు. ఒక్క ఉదుటున లేచాడు.

ఒడ్డున తెల్లవాళ్లను డాల్ఫిన్లు చూపించడానికి తీసుకెళ్లే ఫైబరు పడవలున్నాయి. పడవతను తమిళుడే. గంగరాజు చేతులు తిప్పుతూ విషయం చెప్పేసరికి అతనికీ హుషారొచ్చింది, రండి రండి అన్నాడు. "నువ్వు ఒడ్డునుండు కూర్మీ, నాను సూసొస్తాను" అన్నాడు గంగరాజు అలవాటుగా.

కూర్మమ్మ నీళ్ల అంచున నిలబడిపోయింది. ఆ మాట ఆమె పెళ్లయిన నాటి నుంచి వింటున్నదే. ఒడ్డునుండు. అతను తప్పిపోయిన వారాల్లో కూడా ఆమె చేసింది అదే, ఒడ్డునుండటం. పక్క పడవలోకి ఇద్దరు తెల్లమ్మాయిలు లంగరు తాడు దాటుకుంటూ ఎక్కేశారు.

"నానూ వస్తాను" అంది.

"ఆడోళ్లు పడవెక్కితే..."

"అది మన గంగమ్మ ఎట్టిన కట్టు. ఈ ఊరి గంగమ్మ ఏటంటాదో ఆయమ్మనే అడుగుతాను." గంపలోంచి చిటికెడు పసుపు తీసి నీళ్లలో వేసింది. దోసిట్లో నీళ్లు పట్టి కళ్లకద్దుకుంది. ఒక అల వచ్చి మోకాళ్ల దాకా తడిపి, బుద్ధిగా వెనక్కి పోయింది. "ఏటీ అననేదు" అని చెప్పి, గంప నెత్తిన పెట్టుకుని పడవెక్కేసింది. అనూరాధ ఈల వేసి వెనకే ఎక్కింది. యుగంధర్ ఆటో దగ్గర ఉండిపోయాడు, ఫోను చేస్తే ఎక్కడికైనా తోలుకొస్తానని.

పడవ అలలు దాటుతుంటే కూర్మమ్మ గొంతెత్తి అరిచిన అరుపులు ఒడ్డు దాకా వినిపించాయంటారు. భయంతో కాదు. పడవ లేచి పడినప్పుడల్లా ఆమెకు నవ్వొచ్చేది. "ఇంత బాగుంటాదని ఒక్కనాడైనా సెప్పినావేటి మావా! మీరే దాసుకున్నారా ఇన్నాళ్లూ!" అని మొగుడి వీపు మీద ఒక్కటిచ్చింది. లోపలికి వెళ్లాక పడవ ఉత్తరానికి తిరిగింది. నేల ఎంత చిన్నదో అప్పుడు చూసింది ఆమె. చెట్లు, ఇళ్లు, గుళ్లు అన్నీ కలిసి ఒక సన్నటి గీత. ఆ గీత వెనక, దూరంగా, మూడు మూపుల కొండ నడుస్తోంది. నిజంగా నడుస్తోంది! పడవ ముందుకు పోతున్నకొద్దీ కొండ ఒక్కో చెట్టూ, ఒక్కో ఇల్లూ దాటుకుంటూ జరిగింది. ఎదురుగా ఒక తెల్ల చుక్క. గోపురం. కొండ దాని దగ్గరికొచ్చింది, దాని వెనక్కి వెళ్లింది, తిన్నగా దాని నెత్తిన ఎక్కి కూర్చుంది.

"ఎక్కీసింది! మావా, కొండ గుడెక్కీసింది!" కూర్మమ్మ లేచి నిలబడబోయింది, అనూరాధ పట్టుకుని కూర్చోబెట్టేసింది.

గంగరాజు పడవతని చేతిలోంచి చుక్కాని తీసుకున్నాడు. అతని ముఖం చూసి కూర్మమ్మ అరుపులు ఆపేసింది. వేట నుంచి ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆయన ముఖం ఇలా ఉంటుంది కాబోలు అనుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ ముఖం ఒడ్డు చేరాకే చూసింది తను. పాపం, తాగి చెప్తున్నావని ఎన్నిసార్లు తిట్టింది!

పడవ ఇసుకకు తగిలింది. చూస్తే అది నిన్న అల్లం టీ తాగిన పేటే. ఆ టీ కొట్టు వెనక, గోపురానికి ఎదురుగా, పాక ఉండాల్సిన చోట రేకుల ఇల్లుంది. దాని ముందు ఒక పెద్దావిడ వంగి నేల మీద చేపలు ఎండబోస్తోంది. కూర్మమ్మ గంప నెత్తిన పెట్టుకుని దిగింది. గంగరాజు నాలుగడుగులు ముందుకేసి "అక్కా" అన్నాడు.

ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని లేచి అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. గంగరాజు తమిళంలో గబగబా చెప్పాడు, బోటు, గంజి, ఐదుగురు, జీపు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"గుర్తు లేదు తంబీ" అంది. "ఈ ఒడ్డుకు ఎంతోమంది కొట్టుకొచ్చారు. అన్నం పెట్టాను, పంపించాను. పేర్లు, ముఖాలు గుర్తుపెట్టుకోలేదు."

గంగరాజు ఆ మాట పెళ్లానికి తెలుగులో చెప్పేటప్పుడు బడిలో తప్పిన పిల్లాడిలా ఉన్నాడు. పన్నెండేళ్లు అక్క అక్క అని తలుచుకున్నాడు కదా మరి.

"నాకు గురుతున్నాదని సెప్పు, సాల్తాది" అంది కూర్మమ్మ. "పేరేటో అడుగు. అందరికీ ఎందుకెడతాదో కూడా అడుగు."

పేరు రాసమ్మ. రెండో మాటకు ఆమె చేయి చాచి సముద్రం వైపు చూపించింది. ఆమె మొగుడు ఒకనాడు వేటకెళ్లి తిరిగి రాలేదు. బోటూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. "ఏ ఒడ్డుకో చేరే ఉంటాడు. అక్కడెవరో ఒకరు పెడతారు కదా. అందుకని ఇక్కడికొచ్చినవాళ్లకు నేను పెడుతుంటాను" అంది. గంగరాజు ఇదంతా పెళ్లానికి తెలుగులో చెప్పాడు. మొగుడి సంగతైతే చెప్పాల్సిన పని కూడా లేదు. సముద్రం వైపు చాచిన ఆ చేతికి గాజులు లేకపోవడం కూర్మమ్మ చూసింది.

"ఒసే" అన్నాడు గంగరాజు మెల్లగా, "కుంకం, గాజులు తియ్యకు. సీరొక్కటి ఎట్టీ."

కత్తిపీట అడ్డంగా వేసుక్కూర్చున్న రోజు కూర్మమ్మకు గుర్తొచ్చింది. ఆ రోజు గంగరాజు రాకపోయి ఉంటే, ఆ పెద్దలు మళ్లీ వచ్చేవాళ్లే. ఏదో ఒక రోజు ఆమె కత్తిపీట పక్కన పెట్టేదే.

"ఆడపడుచుకి సారెట్టడానికి నాను ఎవుల్ని అడగాల?" అంది. "ఆయమ్మ వొద్దంటే మానీస్తాను. నువ్వు సెప్పకు."

ఇసుకలో కూర్చుని గంప గుడ్డ విప్పింది. చీర, పసుపు, కుంకుమ, విరగకుండా వచ్చిన అరిసెలు అన్నీ ముందు పెట్టి, ఆకుపచ్చ గాజులు చేతిలోకి తీసుకుని ఆగింది. రాసమ్మ ఆ గాజుల వంక చూస్తూ ఉండిపోయింది. టీ కొట్టు దగ్గర ఆడవాళ్లు పోగయ్యారు. కాసేపటికి రాసమ్మ చేతులు చీరకు తుడుచుకుని, ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచింది.

గాజులు కొంచెం చిన్నవయ్యాయి. ఆ చేతులు కూడా కూర్మమ్మ చేతుల్లాంటివే, ఉప్పుకు బిరుసెక్కి, ముల్లు గుచ్చుకున్న మచ్చలతో. అనూరాధ లోపలికి పరిగెత్తి కొబ్బరినూనె తెచ్చింది. కూర్మమ్మ ఆ చేతులను నొక్కి, సర్ది, ఒక్కో గాజూ ఎక్కించింది. ఒక్కటి కూడా చిట్లలేదు. బొట్టు పెట్టింది. "మీ ఆయన మా ఒడ్డుకొస్తే నానెడతాను వొదినా" అంది. రాసమ్మకు తెలుగు రాదు, గంగరాజు చెప్పే స్థితిలో లేడు. అయినా రాసమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది, తర్వాత చేతులు ఊపి గాజుల చప్పుడు విని, చిన్నపిల్లలా నవ్వేసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఈలోపు యుగంధర్ ఆటో హారను మోగించుకుంటూ వచ్చాడు, సగం ఊరు వెనక పరిగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత రాసమ్మ ఎవరి మాటా వినలేదు. వచ్చినవాళ్లు ముందు తినాలి. నలుగురినీ వరసగా కూర్చోబెట్టి, కొబ్బరిపాలు పోసి వండిన చేపల కూరతో అన్నం వడ్డించింది. గంగరాజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. కళ్లనీళ్లు కంచంలో పడుతున్నా తుడుచుకోలేదు, తినడం ఆపలేదు.

కూర్మమ్మ ముద్ద కలిపింది. పన్నెండేళ్లుగా తన ప్రతి కూరనూ ఓడించిన కూర ఇది. నోట్లో పెట్టుకుని నమిలింది. పులుపు లేదు. కారం అంతంతమాత్రం. ఉప్పు బొత్తిగా చాల్లేదు.

రాసమ్మ గరిటె పట్టుకుని, గాజులు గలగలమంటుండగా వంగి, ఉప్పు సరిపోయిందా అన్నట్టు చేత్తో అడిగింది. అనూరాధ గుండె చిక్కబట్టుకుంది. కోటబొమ్మాళి నుంచి భావనపాడు దాకా అత్త వంక పెట్టని కూర లేదని ఆ పిల్లకు తెలుసు.

"సరిపోనాది వొదినా" అంది కూర్మమ్మ, కంచం ముందుకు జరుపుతూ. "ఇంకొంచెం ఎయ్యి."